గింజ తీయని కాయలు

ఇంట్లో ఆఖరివాడని చిన్నప్పుడు చిట్టి అని పిలిచారు. ఇప్పుడతను వంటగది తలుపులోంచి కాస్త పక్కకు తిరిగితే తప్ప పట్టని మనిషి. అయినా అక్కకీ చిట్టే, బావకీ చిట్టే, అతను వంట చేసే భోజనశాలకు వచ్చే జనానికీ చిట్టే.

అమ్మానాన్నలు పోయాక అతన్ని సాకింది అక్క. ఆమె పెళ్లయి కాపురానికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సామాను ఒక పెట్టె, ఒక కుట్టుమిషను, ఒక తమ్ముడు అని బావ అందరికీ నవ్వుతూ చెప్పేవాడు. చెప్పడం వరకే. ఒక్కనాడూ పరాయివాడిలా చూసి ఎరగడు. చిట్టికి సైకిలు నేర్పింది ఆయనే, జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది ఆయనే. బావ క్లారినెట్ వాయిస్తాడు. చిట్టికీ నేర్పాలని కొన్నాళ్లు తంటాలు పడ్డాడు. చిట్టి ఊదితే బాతు గొంతు పట్టుకున్నట్టు ఉండేది. చివరికి బావే చేతులెత్తేసి, "నీ ఊపిరి పొయ్యి ఊదుకోడానికి పనికొస్తుందిలేరా, వంట నేర్చుకో" అన్నాడు. ఆ మాటే నిజమైంది. వంటవాడయ్యాక చిట్టి భోజనశాల వెనక గదికి మారాడు.

ఆ ఊళ్లో ఒక సంగీత మందిరం ఉంది. అక్కడి వాద్యబృందంలో బావ రెండో కుర్చీ. మొదటి కుర్చీ ఆయన పాట పాడినట్టు వాయిస్తుంటే, కింద ఆసరాగా స్వరం పట్టుకుని కూర్చోవడం రెండో కుర్చీ పని. తల నెరిసేదాకా బావ అదే పని చేశాడు. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు, నాకిది కావాలని ఎవరినీ అడిగినవాడు కాదు. మొదటి కుర్చీ ఆయన పని మానుకుని వెళ్లిపోయాక, బృందం పెద్ద బావను పిలిచి, కొత్త కచేరీలో క్లారినెట్ ఒంటరిగా వినిపించే భాగం నువ్వే వాయించాలన్నాడు. మిగతా వాద్యాలన్నీ ఊపిరి బిగబట్టి కూర్చునే భాగమది. ఆ వార్త ఇంటికి తెచ్చిన రోజున బావ చెప్పులు విప్పడం మరిచిపోయి వంటింట్లోకి వచ్చాడని అక్క చెప్పింది.

ఆ సంతోషానికి అక్క దగ్గరి స్నేహితుల్ని, పక్కింటివాళ్లని భోజనానికి పిలిచింది. వంట చిట్టిది.

భోజనశాలలో చిట్టి ఆలివ్ కాయల్ని అప్పటిదాకా అలంకారానికే వాడేవాడు. పచ్చికూరల పళ్లెం మీద రెండు పెట్టేవాడు, తిన్నవాళ్లు ఆ రెండూ అంచుకు నెట్టి వెళ్లిపోయేవారు. అతనికీ వాటి మీద పెద్ద గౌరవం లేదు. వీధి చివర నూనెల దుకాణం ఆవిడ మాత్రం ఎప్పుడూ పోరేది, "ఒకసారి మంచివి తిని చూడు, తరవాత మాట్లాడు" అని. విందుకు ఏదైనా కొత్తది చేయాలనిపించి ఆ రోజు ఆమె దగ్గరికే వెళ్లాడు. పీపాలోంచి గరిటెతో తీసి చేతిలో వేసింది. ముందు ఉప్పు, వెనకాల చేదు, ఆ రెండూ పోయాక నాలుక మీద మెత్తగా నూనె కమ్మదనం.

"గింజ తీసినవి కావాలా, ఉన్నవి కావాలా?" అంది ఆవిడ.

"ఏవి బాగుంటాయి?"

"గింజ ఉన్నవే. తీసినవి ఉప్పునీళ్లలో నాని నాని చప్పబడతాయి. కాకపోతే ఒలుచుకునే ఓపిక ఉండాలి."

"ఓపికకేం, బోలెడుంది" అన్నాడు చిట్టి.

సన్నటి చాకుతో కాయ చుట్టూ తెగకుండా ఒకే చీలికగా కోసుకుంటూ వచ్చి గింజను వదిలించాలి. ఆ చీలికను మళ్లీ కాయలా చుట్టి, లోపల మెత్తటి చీజ్ కూరి, పిండిలో దొర్లించి, గుడ్డు సొనలో ముంచి, రొట్టె పొడి అద్ది వేయించాలి. మొదట్లో సరదాగానే ఉంది. పోనుపోను బొటనవేలు తిమ్మిరెక్కింది, ఉప్పునీళ్లకి గోళ్ల పక్కన చురచుర మొదలైంది. ముందుగదిలో పక్కింటివాళ్లూ స్నేహితులూ దిగుతున్న చప్పుడు. గిన్నెలో ఇంకో గుప్పెడు కాయలు మిగిలాయి. విసుగొచ్చి వాటిని గింజలతోనే ముంచి వేయించేశాడు. అవి తన కోసమేనని, తరవాత తీరిగ్గా తినొచ్చని వేరే చిన్న పళ్లెంలో పెట్టుకున్నాడు.

అక్క సుడిగాలిలా లోపలికొచ్చింది. "అయ్యాయా? ఇవేంటి, విడిగా పెట్టావ్? ఇంత మంది ఉంటే?" అంటూ చిన్న పళ్లాన్ని పెద్ద పళ్లెంలోకి వంచేసింది.

చిట్టి నోరు తెరిచాడు. అంతలో అక్క గుమ్మంలోంచే అందరికీ వినబడేలా, "గింజ తగులుతుందని భయం అక్కర్లేదు, మా తమ్ముడు చేశాడంటే కళ్లు మూసుకుని తినొచ్చు" అంది. తెరిచిన నోరు మూసుకుపోయింది. ఒక్క క్షణం ఆగండి అంటే సరిపోయేది. పళ్లెం వెనక్కి లాక్కుని, వేలితో నొక్కి చూసి ఏరేసినా సరిపోయేది. అందరి ముందూ అక్క మాట తీసేసినట్టవుతుందని ఒకటి, ఒళ్లు బద్ధకించాడని నవ్వుతారని ఒకటి. ఎవరికో గింజ తగులుతుంది, ఉమ్మేస్తారు, అంతకన్నా ఏమవుతుందిలే అనుకున్నాడు.

అందరూ ఒకటి తిని ఇంకోటి తీసుకున్నారు. బావ సంగీతం కబుర్లలో పడి, కాయను ముందుపళ్లతో సగానికి కొరికాడు. కటుక్కుమంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. బావ అరచెయ్యి నోటి కింద పట్టాడు. అందులో రొట్టె పొడి, నలిగిన కాయ, గింజ, వాటి మధ్య తెల్లగా సగం పన్ను పడ్డాయి.

"ఏంటిది?" అంది అక్క. చిట్టి వైపు తిరిగింది. "గింజలు తీయలేదూ?"

ఆ క్షణంలో చిట్టి నోటివెంట వచ్చిన మాటను అతను ఆలోచించి అనలేదు. మాట దానంతట అదే వచ్చింది. "చీజ్ అయిపోయి చివర్లో కొన్ని ఊరికే వేయించానక్కా. గింజ తీసినవే ఇమ్మని అడిగి తెచ్చా. దుకాణంలోనే కలిసిపోయినట్టున్నాయి."

బావ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, "పోనీలే, వాడేం చేస్తాడు" అన్నాడు.

*

పళ్ల డాక్టరు చూసి పన్ను వేరు దాకా చీలిందన్నాడు. మొత్తం తీసేయాలి, చిగురు మానాలి, ఆ తరవాతే అక్కడ కొత్త పన్ను బిగించడం. అప్పటిదాకా క్లారినెట్ మాట ఎత్తొద్దన్నాడు. క్లారినెట్ కొసను పై ముందుపళ్ల కింద ఆనించి ఊదాలి. అది ఆనే చోటే ఇప్పుడు ఖాళీ. కచేరీ చూస్తే ఎదుట నిలబడి ఉంది.

బృందం పెద్ద ఆ భాగాన్ని కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చాడు. వేరే దారి లేదు. బావ ఆ మాట ఇంట్లో చెప్పి, చిగురు మండుతుందని సూప్ చల్లారేదాకా చెంచాతో తిప్పుతూ కూర్చున్నాడు.

అక్క ఊరుకునే మనిషి కాదు. తెల్లారగానే నూనెల దుకాణానికి వెళ్లి జనం నిండుగా ఉన్న వేళ ఆవిణ్ణి కడిగేసింది. నీ అజాగ్రత్త వల్ల మా ఆయన నోటి కాడి కూడు పోయిందంది. ఇలాంటి సరుకు అమ్ముకునే బదులు దుకాణానికి తాళం వేసుకోమంది. వీధిలో ఎదురైన వాళ్లందరికీ చెప్పింది. అక్క కుట్టుపని చేస్తుంది, కొలతలకొచ్చే ఆడవాళ్లకు కొలతలతో పాటు ఈ కథా దొరికేది.

ఇదంతా విన్నాక చిట్టి నూనెల దుకాణం ఉన్న వైపు వెళ్లడం మానేశాడు. కానీ ఎన్నాళ్లు? భోజనశాలకు నూనె అక్కడినుంచే రావాలి. ఒక పొద్దున తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ సీసా నింపి, మూత బిగించి, తుడిచి ఇచ్చింది.

"మీ అక్క వచ్చింది" అంది.

చిట్టి డబ్బులు లెక్కపెట్టి గల్లా మీద పెట్టాడు.

"గింజ ఉన్నవే అడిగి తీసుకెళ్లాడమ్మా అని చెప్పబోయాను. మా తమ్ముడు అబద్ధం ఆడడు అంది. అంత నమ్మకంగా అంటుంటే ఇంకేం చెప్పను? నోరు మూసుకున్నాను." సీసా అతని వైపు జరిపింది. "ఆయనకి ఎలా ఉంది?"

"నమల్లేకపోతున్నాడు."

ఆవిడ బాగా పండి నల్లబడ్డ ఆలివ్‌లు ఒక పొట్లంలో వేసింది. "వీటి ఉప్పు వదిలేదాకా నీళ్లు మార్చు. గింజలు తీసేసి, ఉల్లిపాయలతో సన్నసెగ మీద మగ్గనివ్వు. వెన్నలా అవుతుంది. నమిలే పని ఉండదు."

తిట్టినా బాగుండేది. ఆ పొట్లం పట్టుకుని వీధిలో నడుస్తుంటే చిట్టికి చేతిలో నిప్పు పట్టుకున్నట్టుంది.

*

ఆ రోజు నుంచి చిట్టి బావకు రోజూ మధ్యాహ్నం భోజనం మోసుకెళ్లాడు. తప్పు ఒప్పుకునే ధైర్యం లేనివాడు దాన్ని వండి పెట్టడం మొదలుపెట్టాడు. నల్ల ఆలివ్‌లు ఉల్లిపాయల్లో మగ్గి ముదురు గోధుమ రంగు ముద్ద అయ్యాయి, దాన్ని మెత్తగా నలిపిన బంగాళాదుంపల మీద పరిచాడు. బావ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇదేంట్రా, మాంసం వేశావా?"

"లేదు బావా. ఆలివ్‌లే."

"అబ్బో. నా పన్ను తీసుకున్నందుకు బాకీ తీరుస్తున్నాయన్నమాట" అని నవ్వాడు. నవ్వినప్పుడు ఆ ఖాళీ కనబడింది. చిట్టి గిన్నె మూత వెతుకుతున్నట్టు కిందకి చూశాడు.

పచ్చివాటిని నిమ్మతొక్కతో, వెల్లుల్లితో నూరి, నూనె పోసి చిలికితే రొట్టె మీద రాసుకునే ముద్ద అయింది. అదే ముద్దను వేడి సూపులో ఒక చెంచా కలిపితే సూపంతా మారిపోయింది. సొన గట్టిపడని గుడ్లలో కలిపాడు. బియ్యంతో పాటు ఉడికించి చూస్తే, ఉప్పు అన్నంలోకి దిగి కాయ తియ్యబడింది. టమాటాలతో మూత పెట్టి గంటల తరబడి వదిలేశాడు. నల్లవాటిని చక్కెర పాకంలో నారింజ తొక్కతో ఉడికించిన రోజున బావ మొహం చిట్లించాడు, తరవాత గిన్నె గీకి తిన్నాడు. "ఇది తీపా, ఉప్పా? ఏదైతేనేం, రేపు మళ్లీ తే" అన్నాడు.

చిట్టికి భయం వేసిన సంగతేమిటంటే, ఈ పని అతనికి నచ్చింది. పొద్దున లేవగానే ఇవాళ ఏం చేద్దామా అన్న ఆలోచన వచ్చేది, కాళ్లు వంటింటి వైపు పరుగెత్తేవి. కాయ ఉప్పు వదిలిందో లేదో కొరికి చూసేటప్పుడు నాలుక మీద ఆ చేదు తగిలితే ప్రాణం లేచొచ్చేది. ఇంతకాలం వంట చేసి ఇంత సంతోషం ఎరగడు. ఆ వెంటనే ఈ సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తొచ్చేది. రుచి చూసిన ముద్ద గొంతు దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం గిన్నె పట్టుకుని బావ గది గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. లోపల ఆ కొత్త అమ్మాయి ఉంది. కచేరీలో తన భాగం సరిగా కుదరడం లేదని బావ దగ్గరికి నేర్చుకోడానికి వచ్చింది. ఆమె వాయిస్తోంది. బావ మధ్యలో చెయ్యెత్తి ఆపాడు.

"అక్కడ తొందరపడకమ్మా. అది పైకి వెళ్లే స్వరం కాదు, పైకి వెళ్లాలని ఉండీ వెళ్లలేని స్వరం. ఇలా." వాయించి చూపించడానికి వీల్లేదు కదా, గొంతుతో పాడి వినిపించాడు. పన్ను లేని సందులోంచి గాలి తప్పించుకుని ప్రతి స్వరంలోనూ చిన్న ఈల కలిసింది. అమ్మాయికి నవ్వొచ్చి ఆపుకుంది. బావే ముందు నవ్వేశాడు. "ఈల మినహాయించి నేర్చుకో" అన్నాడు.

చిట్టి గిన్నెను గడప దగ్గర పెట్టేసి వెనక్కి వచ్చేశాడు.

ఇవే వంటలు భోజనశాలలోనూ ఒకటొకటిగా మొదలయ్యాయి. మిగిలింది పారేయడమెందుకని ఒక రోజు ఆ నల్ల ముద్ద వడ్డిస్తే, మర్నాడు జనం అదే అడిగారు. కాయల్ని అంచుకు నెట్టిన జనమే రొట్టెతో పళ్లెం తుడిచి తిన్నారు. మందిరంలో పనిచేసేవాళ్లు, కచేరీలకొచ్చేవాళ్లు బల్లల కోసం గుమ్మం బయట నిలబడసాగారు. యజమాని మెచ్చుకోలు తెలియని మనిషి, ఆయన కూడా వంటగదిలోకి తొంగిచూసి, "ఏం మందు పెట్టావయ్యా వీళ్లకి?" అన్నాడు. బావ అయితే కనబడిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. "నాకో పన్ను పోతే పోయింది గానీ, మా బామ్మర్ది చెయ్యి తిరిగింది. ఆ దుకాణం ఆవిడ పొరపాటు చేయకపోతే ఇవన్నీ పుట్టేవా?"

దుకాణం ఆవిడ పొరపాటు. ఆ మాట వినబడినప్పుడల్లా చిట్టి వంటగదిలోకి తప్పుకునేవాడు. ఎవరైనా మామూలుగా "గింజ" అన్నా ఉలిక్కిపడేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే "అన్నీ తీసేశానండీ, నేనే తీశాను" అనేవాడు. జనం విచిత్రంగా చూసేవారు. మరోపక్క నూనెల దుకాణం ముందు మునుపటి సందడి లేదు. కొలతల ఆడవాళ్లు వేరే వీధికి వెళ్తున్నారు. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే అతనికి మంచి కాయలు ఏరి పెట్టేది. కక్కలేక మింగలేక అంటారే, చిట్టి ఆ స్థితిలో నీళ్లు మార్చుకుంటూ, కాయలు ఒలుచుకుంటూ రోజులు గడిపాడు.

*

కచేరీ మధ్యాహ్నం పూట. బావ మంచి కోటు వేసుకుని ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ మందిరాన్ని ఈ వైపు నుంచి చూడటం మొదటిసారి. అక్క ఒక పక్క, చిట్టి ఒక పక్క.

ఆ భాగం వచ్చింది. అన్ని వాద్యాలూ ఆగాయి. అమ్మాయి క్లారినెట్ ఒక్కటే లేచింది. చిట్టికి సంగీతం తెలియదు, కానీ ఆ ఒక్క భాగం గుమ్మం అవతల నిలబడి ఎన్నిసార్లు విన్నాడో. పైకి వెళ్లాలని ఉండీ వెళ్లలేని స్వరం దగ్గర అమ్మాయి తొందరపడలేదు. చిట్టి పక్కకు చూశాడు. బావ వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. ఒక్కో స్వరానికి ఒక్కో వేలు సరిగ్గా లేస్తోంది, వాలుతోంది. పెదవులు లోపలికి మడిచి పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు లేవు. వినడంలో మునిగిపోయి ఉన్నాడు, అంతే. చప్పట్లు మోగినప్పుడు అందరికన్నా ముందు లేచి నిలబడింది ఆయనే.

బయట మెట్ల మీద ఎండ పడుతోంది. అక్క ఎవరితోనో మాట్లాడుతూ వెనకబడింది. బావ చిట్టి భుజం మీద చెయ్యి వేసి, "బాగా వాయించింది కదూ?" అన్నాడు.

ఆ చెయ్యి బరువుకు చిట్టి ఆగలేకపోయాడు.

"బావా, దుకాణం ఆవిడ తప్పేం లేదు. నేను గింజలున్నవే అడిగి కొన్నాను. ఆ చివరి గుప్పెడు ఒలవడానికి బద్ధకించాను. అవి నా కోసం పక్కన పెట్టుకున్నవి. అక్క కలిపేస్తుంటే చూశాను. చూస్తూ ఊరుకున్నాను. నువ్వు కొరికాక అబద్ధం చెప్పాను."

బావ చెయ్యి తీయలేదు. అలాగే ఉంది. ఆ చెయ్యి తన భుజాన వేయమని తనే అడిగినట్టు చిట్టికి సిగ్గేసింది.

"చూశావా?" అన్నాడు బావ. "కలిపేటప్పుడు?"

"చూశాను."

"నేను తినేటప్పుడు?"

"ఆ."

బావ చెయ్యి తీసుకున్నాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు, అన్నీ పెట్టుకున్నాక మెట్లు దిగాడు. మందిరం ఎదుట వీధి దాటి, వెనక్కి చూడకుండా, అక్క కోసం కూడా ఆగకుండా ఇంటి వైపు నడిచాడు.

మర్నాడు చిట్టి గిన్నె పంపిస్తే తెరవకుండానే తిరిగొచ్చింది. ఆ మర్నాడూ అంతే.

అక్కకు బావ ఏమీ చెప్పలేదని తెలిసి చిట్టే వెళ్లి చెప్పాడు. ఆమె కుట్టుమిషను మీద ఉంది. చక్రం ఆపింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. ఆమె సూదిలోంచి దారం లాగేసి, మళ్లీ ఎక్కించబోయి, ఎక్కక వదిలేసింది.

"ఆవిణ్ణి నలుగురిలో నిలబెట్టి నానా మాటలూ అన్నాను రా. నీ మాట పట్టుకుని. నా తమ్ముడు అబద్ధం ఆడడని అన్నాను." మిషను మీద గుడ్డ కప్పి లేచింది. "లే. పద."

వీధిలో అక్క ముందు, చిట్టి వెనక. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికిపోయిన రోజున ఇలాగే నడిచాడు. దుకాణంలో అక్క అటూఇటూ చూడలేదు. "నేనన్న మాటలు తప్పమ్మా. నీ సరుకులో లోపం లేదు. తప్పు మావాడిది, వాణ్ణి వెనకేసుకొచ్చిన నాది" అంది. అక్కడున్న ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు. చిట్టి ముందుకొచ్చి తన వంతు తను చెప్పాడు.

నూనెల ఆవిడ గల్లా మీద చేతులు పెట్టుకుని విన్నది. "మీరు వచ్చారు, సంతోషమే. కానీ ఆ రోజు విన్నవాళ్లు వేరు, ఇవాళ ఉన్నవాళ్లు వేరు. ఆ విన్నవాళ్లు ఇప్పుడు ఇటు రారు. వాళ్లకెవరు చెప్తారు?"

ఆ మధ్యాహ్నం భోజనశాలలో ఒక పెద్దాయన నల్ల ముద్ద తింటూ, ఇది ఎలా కనిపెట్టావయ్యా అని మెచ్చుకున్నాడు. చిట్టి గరిటె పక్కన పెట్టి చెప్పేశాడు. కనిపెట్టింది తను కాదని, నూనెల ఆవిడ నేర్పిందని, తన బద్ధకం వల్ల బావ పన్ను విరిగితే ఆ నేరం ఆవిడ మీద నెట్టానని చెప్పాడు. పెద్దాయన చెంచా గాలిలోనే ఆగింది. పక్క బల్లవాళ్లు కూడా విన్నారు. మర్నాడు ఇంకొకరికి చెప్పాడు. ఎవరు మెచ్చుకున్నా అదే చెప్పాడు. మెచ్చుకోవడం తగ్గింది, అతన్ని చూసే చూపూ మారింది. యజమాని వంటగదిలోకి వచ్చి, "వడ్డించేటప్పుడు ఈ పురాణం ఎందుకయ్యా, అన్నం అరగదు వాళ్లకి" అని విసుక్కున్నాడు. "నాకు అరగడం లేదండీ" అన్నాడు చిట్టి. అక్క కూడా కొలతలకొచ్చిన ప్రతి ఆడమనిషికీ కథను తిరగేసి చెప్పింది. నూనెల దుకాణానికి కొందరు తిరిగొచ్చారు, కొందరు వేరే వీధికి అలవాటు పడిపోయి రాలేదు.

బావకు కొత్త పన్ను బిగించారు. చూడ్డానికి పాత పన్నుకు తోబుట్టువులా ఉంది, క్లారినెట్‌కి మాత్రం కొత్త కోడలే. అదెక్కడ ఆనాలో, పెదవి ఎంత బిగించాలో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. బృందంలోకి తిరిగి వెళ్లాడు. మొదటి కుర్చీలో అమ్మాయి ఉంది, బాగా వాయిస్తోంది, దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. బావ తన రెండో కుర్చీలో కూర్చున్నాడు. ఈ సంగతులన్నీ చిట్టికి అక్క ద్వారా తెలుస్తూ వచ్చాయి. అతను ఆ ఇంటికి వెళ్లడం లేదు. వెళ్తే బావ లేచి లోపలికి వెళ్లిపోతాడు. దానికన్నా వెళ్లకపోవడమే నయమనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం రద్దీ తగ్గాక భోజనశాల తలుపు తెరుచుకుంది. సాధన ముగించుకుని బావ వచ్చాడు. క్లారినెట్ పెట్టె కిటికీ పక్క కుర్చీ మీద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. చిట్టి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఎంత దూరంలో నిలబడాలో తెలియక బల్లకు ఇవతలే ఆగిపోయాడు.

"బావా" అన్నాడు.

"క్షమించావా అని అడక్కు" అన్నాడు బావ. "ఆ మాట ఇంకా నా దగ్గర లేదు. ఉన్నప్పుడు చెప్తాను. పొద్దుట్నుంచి వాయించి వాయించి ఆకలేస్తోంది. ఏముంది?"

"ఆలివ్‌లతో అన్నం ఉంది. గుడ్లు వేసివ్వమంటే వేస్తాను."

"అన్నం పెట్టు."

చిట్టి లోపలికి వెళ్లాడు. గిన్నె అడుగున కొంచెం మిగిలింది. పళ్లెంలోకి తీస్తూ ఒక్కో కాయనూ వేళ్ల మధ్య నలిపి చూశాడు. తెచ్చి ముందు పెట్టాడు. బావ మొదటి ముద్ద నోటికి ఒక పక్కగా పెట్టుకుని నమిలాడు. ఇంకా ముందుపళ్లను నమ్మడం లేదన్నమాట. చిట్టి చూస్తూ నిలబడ్డాడు.

"అడుగంటింది బావా, కొంచెం" అన్నాడు. "నేను పొయ్యి చూసుకోలేదు."

"తెలుస్తూనే ఉంది" అన్నాడు బావ, ఇంకో ముద్ద తీసుకుంటూ.